ఉద్యోగరీత్యా ఊరు మారుట

మనిషి పుట్టే ఊరిని దేవుడు నిర్ణయిస్తాడు. పోయే ఊరిని డాక్టర్లు నిర్ణయిస్తారు. ఈ రెంటి నడుమ బతకవలసిన ఊరిని నిర్ణయించే అధికారం మాత్రం, ఆ ఊళ్ళో బతకనక్కరలేని వాళ్ళ చేతుల్లో ఉంది. ఈ ఏర్పాటు ఎంత సవ్యంగా నడుస్తోందో తెలుసుకోగోరేవారు బిలాస్‌పూర్ తార్‌బహార్ పేటలో కాపురముండిన రవిచంద్ర సంగతి వినవచ్చు.

రవిచంద్రకు నలభై రెండేళ్ళు. తాత శ్రీకాకుళం వైపు నుంచి పట్టాల పనికి వచ్చి ఇక్కడే పాతుకుపోయాడు. తండ్రి లోకో షెడ్డులో పనిచేసి, రిటైరయి, రెండేళ్ళకే కాలం చేశాడు. మూడో తరానికి వచ్చేసరికి రైల్వే ఉద్యోగం దొరకలేదు గాని రైల్వే దుప్పట్లు దొరికాయి. ఏసీ పెట్టెల్లో ప్రయాణికులకిచ్చే దుప్పట్లు, దిండు గలీబులు ఉతికే ఒక కాంట్రాక్టు కంపెనీలో అతను పదహారేళ్ళుగా సూపర్‌వైజరు. దుప్పటి మీద మరక చూసి అది ఏ దిక్కు నుంచి వచ్చిన రైల్లోంచి దిగిందో చెప్పగలడు. (సాంబారైతే దక్షిణం, ఆవనూనైతే తూర్పు.) ఈ విద్యకు లోకంలో ఎక్కడా డిగ్రీ లేదు.

జనవరిలో ఆ కాంట్రాక్టు మరో కంపెనీకి పోయింది. కొత్త కంపెనీ తన సూపర్‌వైజర్లను తనే తెచ్చుకుంది. మార్చి ముప్ఫై ఒకటి తర్వాత మీ సేవలు అవసరపడవని రవిచంద్రకు ఒక కాగితం ఇచ్చారు. పదహారేళ్ళ అంకితభావానికి అందులో కృతజ్ఞతలు కూడా తెలిపారు. పేరు మాత్రం రవీంద్ర అని పడింది.

ఇంట్లో తల్లి మంగాయమ్మ, భార్య ఉషారాణి, ఎనిమిదో తరగతి చదివే కూతురు ప్రణీత. బిలాస్‌పూర్‌లో ఈ వయసులో ఈ పనికి మరో చోటు లేదని వారం తిరిగేసరికి తేలిపోయింది. ఊరు మారాలి. ఏ ఊరికన్నదే ప్రశ్న. అలాంటి ప్రశ్నలను కుటుంబాలు స్వయంగా తేల్చుకుంటే అనర్థాలు జరుగుతాయని గ్రహించి, అక్కడి తెలుగువారి సంఘం ఏనాడో ఒక "స్థలమార్పు సలహా ఉపసంఘం" పెట్టింది.

ఉపసంఘానికి అధ్యక్షుడు తిరుమలరావు. గూడ్సు గార్డుగా రిటైరయ్యాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఇల్లు కూడా మారలేదు కాబట్టి నిష్పక్షపాతి అని ఆయనను ఎన్నుకున్నారు. ఏకైక సభ్యుడు, కార్యదర్శి గిరిబాబు. ఈయన ఒకప్పుడు ఉద్యోగానికి పూణే వెళ్ళి పదకొండో రోజున తిరిగి వచ్చాడు. ఊరు మారిన అనుభవం సంఘంలో ఈయన ఒక్కడికే ఉంది. సంఘం హాలు పెళ్ళిళ్ళకు ఇచ్చేయడం వల్ల ఉపసంఘం సమావేశాలు దరఖాస్తుదారు ఇంట్లోనే, దరఖాస్తుదారు టీతోనే జరగాలని నియమం.

ఫిబ్రవరి మొదటి ఆదివారం మొదటి సమావేశం జరిగింది. దరఖాస్తులో ఇరవై గడులున్నాయి. వెళ్ళదలచిన ఊరు ఎనిమిదో గడి. ఆ ఊళ్ళో స్టేషనుకు వచ్చి తీసుకెళ్ళేవారి పేరు తొమ్మిదో గడి. ఉద్యోగం సంగతి పదిహేడో గడిలో వస్తుంది. గిరిబాబు ఒక్కొక్కటే నింపుతూ పద్నాలుగో గడి దగ్గర ఆగాడు.

"భార్య అభిప్రాయం, బ్రాకెట్లో ఉన్నచో, అని ఉంది. ఏటి రాయమంటారు?"

"ఏటుంటాది," అన్నాడు తిరుమలరావు. "సమ్మతమే అని రాసీ."

ఉషారాణి అప్పుడు వంటింట్లో ఉపసంఘానికి టీ పెడుతోంది. ఆమె స్టేషను రోడ్డులో ఒక రక్తపరీక్షల లేబ్‌లో పద్నాలుగేళ్ళుగా టెక్నీషియను. తార్‌బహార్‌లో సగం మంది చేతిలోంచి రక్తం తీసింది ఆమే. ఉపసంఘం సభ్యులందరి షుగరూ ఆమెకు తెలుసు. ఆమె అభిప్రాయం మాత్రం ఉపసంఘంలో ఎవరికీ తెలియదు. అధ్యక్షుడి టీలో చక్కెర వెయ్యలేదు. దాన్ని ఆయన లోపంగా గుర్తించి, ఏమీ అనకుండా పెద్దమనసుతో తాగాడు.

తర్వాత ఊళ్ళ పరిశీలన మొదలైంది. ఉపసంఘం దగ్గర భూగోళ పుస్తకం లేదు, రైల్వే టైంటేబులు ఉంది. బిలాస్‌పూర్ నుంచి నేరుగా రైలు లేని ఊళ్ళను మొదటి అయిదు నిమిషాల్లోనే భారతదేశంలోంచి తీసేశారు.

"రాయ్‌పూర్ ఎలాగుంటాది బాబాయ్?" అన్నాడు రవిచంద్ర.

"రాయ్‌పూర్ ఎల్లడం ఊరు మారడం కాదురా. ప్లాట్‌ఫాం మారడం."

"పూణే?"

"పూణే గురించి నన్నడుగు," అన్నాడు గిరిబాబు. "అన్నంలో కూడా బెల్లం ఏత్తారు." అది నిజమో కాదో ఎవరూ పరీక్షించలేదు. నిపుణుడి మాట మీద పూణే పోయింది.

"నాగపూర్?"

ఉపసంఘం నవ్వింది. "నాగపూర్ ఊరేట్రా?" అన్నాడు తిరుమలరావు. "అది బండాగే చోటు. దిగి కమలాపళ్ళు కొనుక్కోవాలి, ఎక్కీయాలి. అక్కడెవరైనా ఉంటారేటి?" (ఆ ఊళ్ళో పాతిక లక్షలకు పైగా ఉంటున్నారు. బహుశా అందరూ పళ్ళు కొనుక్కుని రైలు అందుకోలేకపోయినవారు.)

చివరికి విశాఖపట్నం, హైదరాబాదు మిగిలాయి. విశాఖపట్నం సొంత గడ్డ గనక ముందు అక్కడ ప్రయత్నించాలని తీర్మానించారు.

అక్కడ ఒక హోటల్లో దుప్పట్లు, తువ్వాళ్ళ విభాగానికి సూపర్‌వైజరు కావాలన్న ప్రకటన చూసి రవిచంద్ర ఇంటర్వ్యూకు వెళ్ళాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. రైల్లో ఒరగకుండా, అది నలగకుండా కూర్చునే వెళ్ళాడు. మేనేజరు ముప్ఫై ఏళ్ళ కుర్రాడు, మర్యాదస్తుడు. తువ్వాలు మీద గోరింటాకు మరక ఎలా పోతుందని అడిగితే రవిచంద్ర మూడు పద్ధతులు చెప్పాడు. మేనేజరు సంతోషించి, గోడ మీద సిబ్బందికి అతికించిన తెలుగు నోటీసు చూపించి చదవమన్నాడు.

"ఉ... ద్యో... గు... లు," అన్నాడు రవిచంద్ర. తర్వాతి మాట పెద్దది. దాని మొదట్లోనే ఒకే అక్షరానికి రెండు వత్తులున్నాయి. అక్కడ ఆగిపోయాడు.

"మీరు తెలుగువారేనా అండీ?"

"తెలుగోల్లమేనండి. ఇంట్లో అంతా తెలుగే."

"ఇంట్లో సరే. చదువు?"

"చదువు హిందీ మీడియం అండి."

మేనేజరు ఫారం మీద స్థానికేతరుడు అని రాసుకున్నాడు. బయటివాళ్ళను తీసుకోవద్దని పైనుంచి మాట ఉందనీ, హిందీ వాళ్ళకు ఉత్తరాదిలో మంచి అవకాశాలుంటాయనీ అనునయంగా చెప్పాడు. బిలాస్‌పూర్‌లో రవిచంద్ర కుటుంబాన్ని మూడు తరాలుగా ఆంధ్రావాలాలు అంటారు. మూడు తరాలు తుడిచినా పోని ఆ ముద్రను విశాఖపట్నంలో ఒక కుర్రాడు నలభై నిమిషాల్లో చెరిపి హిందీవాణ్ణి చేసి పంపాడు. దుప్పట్ల వృత్తిలో ఉన్నవాడిగా రవిచంద్ర ఆ వేగాన్ని మెచ్చుకోక తప్పలేదు.

స్టేషనులో బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాడు. చుట్టూ అందరూ తన తాత మాట్లాడినట్టే మాట్లాడుతున్నారు. ఎదురుగా బోర్డు మీద ఊరి పేరు మూడు భాషల్లో ఉంది. అతని కళ్ళు వాటంతటవే హిందీ అక్షరాల మీదికి వెళ్ళాయి. కళ్ళు దించుకుని ఇంటికి ఫోను చేసి, ఇంటర్వ్యూ బాగా అయిందని చెప్పాడు.

రెండో సమావేశంలో ఉపసంఘం విశాఖపట్నం మీద విచారం ప్రకటించి, ఆధునిక పద్ధతులను ఆశ్రయించమంది. కుటుంబ వివరాలు చెబితే తగిన ఊరిని చెప్పే ఒక యాప్‌ను ప్రణీత ఫోనులో దించింది. ఆ అమ్మాయి తెలుగు మాట్లాడుతుంది, హిందీలో ఆలోచిస్తుంది, రెంటికీ ఇంగ్లీషులో మార్కులు తెచ్చుకుంటుంది.

"పప్పా, ఇక్కడ మీ పని నింపాలి. దుప్పట్లు అని ఆప్షనే లేదు యార్."

"దగ్గర్లో ఏటుందో అది నొక్కు."

దగ్గర్లో వస్త్ర రంగం ఉంది. అది నొక్కితే ఫ్యాషన్ డిజైనరా అని అడిగింది. కాదంటే ముందుకు కదలలేదు. చేసేది లేక రవిచంద్ర ఫ్యాషన్ డిజైనరుగా ముందుకు కదిలాడు. అరవై రెండు ప్రశ్నలయ్యాక తెర మీద పువ్వులు రాలాయి. మీ కుటుంబానికి నూటికి తొంభై ఒక్క పాళ్ళు అనువైన నగరం బిలాస్‌పూర్ అని వచ్చింది.

గదిలో ఒక్క క్షణం అందరి ముఖాలూ వెలిగాయి. మంగాయమ్మ రెండు చేతులూ జోడించింది. "సూసావేట్రా, ఎక్కడికీ ఎల్లక్కర్లేదు. మిషనే సెప్పింది!"

"దాదీ, రుకో," అని నాయనమ్మను ఆపింది ప్రణీత. "ఇది మనది కాదు. హిమాచల్‌లో ఉన్న బిలాస్‌పూర్."

"అక్కడా మన పేరుతోటే ఊరుందేటి?" మంగాయమ్మ కాసేపు ఆలోచించింది. "అయితే కాయితాల్లో ఊరి పేరైనా మార్చక్కర్లేదు కదా."

ఉపసంఘం చరిత్రలో ఇంతకన్న ఆచరణీయమైన సూచన రాలేదు. కాని నేరుగా రైలు లేదన్న కారణంతో దాన్ని తోసిపుచ్చారు.

ఇక హైదరాబాదు మిగిలింది. మార్చి రెండో ఆదివారం మూడో సమావేశంలో తిరుమలరావు తీర్మానం చదవడానికి లేచి నిలబడ్డాడు. రవిచంద్ర ఉద్యోగం ఇంకా పద్దెనిమిది రోజులుంది. ఈ మధ్య అతను అన్నం సగం వదిలేస్తున్నాడు. కొత్త కంపెనీ తెచ్చిన సూపర్‌వైజరుకు పని నేర్పే బాధ్యత కూడా అతనికే అప్పగించారు. ఆ కుర్రాడు మరకల గురించి నోట్సు రాసుకుంటున్నాడు.

"హైదరాబాదు అన్నిటికన్నా మేలని ఉపసంఘం ఏకగ్రీవంగా భావిస్తన్నాది," అని చదివాడు తిరుమలరావు. "కారణం ఒకటి, వారానికోసారి నేరుగా బండి. కారణం రెండు, మా తోడల్లుడు స్టేషనుకి వస్తాడు."

"మరి ఉద్యోగం బాబాయ్?"

"ముందు ఎల్లాలి కదరా. ఎల్లినోడికి దొరక్కేం?"

"దొరక్కపోతే?"

"తోడల్లుడు మళ్ళీ స్టేషనుకి వస్తాడు," అన్నాడు గిరిబాబు, పూణే అనుభవంతో.

అప్పుడే లేబ్ నుంచి ఉషారాణి వచ్చింది. ఆదివారం కూడా ఒక పూట డ్యూటీ ఉంటుంది. చెప్పులు విప్పి, బ్యాగు మేకుకు తగిలించి, తలుపు దగ్గరే నిలబడింది.

"మావయ్యగారూ, నాగపూర్‌లో నాకు ఉద్యోగం వచ్చింది," అంది. "పెద్ద హాస్పిటలు. లేబ్‌లో సీనియర్ టెక్నీషియను. ఏప్రిల్ పదికి చేరాలి. ఉండడానికి క్వార్టరు ఇస్తారు."

గిరిబాబు మినిట్స్ పుస్తకంలో "టీ ఇచ్చుటకు వచ్చిన సభ్యురాలు కాని వ్యక్తి" అని మొదలుపెట్టి, టీ రాలేదని గమనించి కొట్టేశాడు.

తిరుమలరావు తీర్మానం కాగితం మడిచాడు. "శుభమమ్మా. కాని ఇది మా పరిధిలోకి రాదు. ఊరు మారడం అంటే మా నియమాల్లో మొగుడి ఉద్యోగమే. పెళ్ళాం ఉద్యోగానికి గడి లేదు."

"పద్నాలుగో గడి ఉంది కదండీ."

"అది నింపేశాం కదమ్మా."

మంగాయమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "ఓలమ్మ! మగోడు పెళ్ళాం ఉద్యోగం ఎనకాల ఎల్తాడేటే? నలుగురూ ఏటంటారు?"

"నలుగురిలో ఇద్దరు ఇక్కడే ఉన్నారత్తా. అడగండి," అంది ఉషారాణి.

రవిచంద్ర లేచి లోపలి గదిలోకి వెళ్ళిపోయాడు. మనసు బాగోనప్పుడు అతను దండెం మీది బట్టలు మడత పెడతాడు. ఇంటిల్లిపాదికీ ఆ సంగతి తెలుసు గనక అలాంటప్పుడు ఎవరూ ఆ గదిలోకి వెళ్ళరు. ఉషారాణి వెళ్ళింది. అతను ఒక దుప్పటిని మడిచి, విప్పి, మళ్ళీ మడుస్తున్నాడు.

"ఎప్పుడు పెట్టావ్ అప్లికేషను?"

"మీరు వైజాగ్ వెళ్ళొచ్చిన మర్నాడు. ఇంటర్వ్యూ ఫోనులోనే అయింది. భోజనం టైములో, లేబ్ స్టోర్‌రూములో నిలబడి మాట్లాడాను."

"నాకు సెప్పలేదేటి?"

"ఇంటర్వ్యూ బాగా అయిందని మీరు చెప్పారు కదా."

ఆమెకు ఎలా తెలిసిందని రవిచంద్ర అడగలేదు. పద్నాలుగేళ్ళుగా మనుషుల చేతికి రిపోర్టు ఇస్తున్న మనిషికి, మొహం మీద ఉన్నది చదవడానికి వత్తులు అడ్డం రావు.

"అక్కడ నానేటి సేత్తాను ఉషా?"

"ఇక్కడ ఏటి చేస్తున్నారు? వెతుకుతున్నారు. అక్కడా వెతకండి. జీతం వచ్చే ఇంట్లో కూర్చుని వెతుక్కోవడం నయం కదా." మెల్లిగా మరో మాట అంది. "నాకు ఆ పని చెయ్యాలని ఉంది. అక్కడి మిషన్లు నేను పుస్తకంలోనే చూశాను. మీ ఉద్యోగం పోకపోయినా అప్లై చేసేదాన్నేమో. తెలీదు."

ఆమెకు ఫలానాది చెయ్యాలని ఉందన్న మాట అతను పదిహేనేళ్ళ కాపురంలో మొదటిసారి విన్నాడు. అడిగి ఉంటే ముందే వినేవాడేమోనన్న ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన ఉద్యోగం పోయిన కాగితం కన్న ఎక్కువ గుచ్చుకుంది. చేతిలో దుప్పటి మళ్ళీ విప్పాడు.

"ఆ కొస పట్టుకో," అన్నాడు.

ఇద్దరూ చెరో కొస పట్టుకుని లాగి, ఎదురెదురుగా నడిచి, మడత కలిపారు.

హాల్లోకి వచ్చి రవిచంద్ర నాగపూర్ వెళ్తున్నామని చెప్పాడు. ఉపసంఘం అత్యవసరంగా చర్చించింది. నాగపూర్ ఊరు కాదన్న పాత తీర్మానాన్ని సవరించి, ఈ కేసు వరకు ఊరేనని ఒప్పుకుంది. మంగాయమ్మ కాసేపు ఏడ్చి, కాసేపు అలిగి, సాయంత్రానికి అక్కడ చేపలు దొరుకుతాయా అని అడిగింది. దొరుకుతాయని ప్రణీత ఫోనులో చూపించాక, తన ఇత్తడి బిందె ఎందులో పెట్టి తీసుకెళ్ళాలో ఆలోచించడం మొదలుపెట్టింది.

ఏప్రిల్‌లో నలుగురూ నాగపూర్ చేరారు. స్టేషనుకు ఎవరూ రాలేదు. అయినా క్వార్టరుకు దారి దొరికింది. ఉషారాణి మొదటి నెల ఆ కొత్త మిషన్ల పేర్లు నిద్రలో కూడా చెప్పింది. మూడో నెలకు ఇద్దరు జూనియర్లకు పని నేర్పసాగింది. ప్రణీత బళ్ళో మరాఠీ మొదలుపెట్టి, ఏ భాషలోనూ రాని కోపాలు అందులో తెచ్చుకుంది.

రవిచంద్ర అదే హాస్పిటల్లో దుప్పట్ల విభాగానికి వెళ్ళి అడిగాడు. అనుభవం పదిహేనేళ్ళు ఉండాలన్నారు, ఉంది. వయసు ముప్ఫై అయిదు దాటకూడదన్నారు, దాటింది. (ఇరవై ఏళ్ళకు పనిలో చేరి ముప్ఫై అయిదుకు అక్కడ ప్రత్యక్షమైతే సరిపోయేది. ఆ ముందుచూపు అతనికి లేకపోయింది.) వెతుకుతూనే ఉన్నాడు. ఈలోగా వంట నేర్చుకున్నాడు. ఉషారాణికి క్యారేజీ కట్టి ఇచ్చి, ప్రణీతను బస్సెక్కించి, తల్లికి మందులు వేసి, పదింటికి ఫైలు పట్టుకుని బయలుదేరేవాడు. మొదట్లో మార్కెట్లో ఎవరైనా ఏం చేస్తుంటారని అడిగితే మాట తప్పించేవాడు. వర్షాలు తగ్గేసరికి ఆ అలవాటూ తగ్గింది.

కార్తీకమాసంలో నాగపూర్ తెలుగువారి వనభోజనాలు జరిగాయి. రెండు వందల మంది వచ్చారు. అక్కడి సంఘం అధ్యక్షుడు కామేశ్వరరావు మైకు పట్టుకుని కొత్తగా ఊళ్ళోకి వచ్చిన కుటుంబాలను పరిచయం చేస్తున్నాడు.

"బిలాస్‌పూర్ నుంచి ఉద్యోగరీత్యా మన నగరానికి విచ్చేసిన శ్రీ రవిచంద్రగారు! వారితో పాటు వారి శ్రీమతి కూడా విచ్చేశారు. స్వాగతం."

అందరూ చప్పట్లు కొట్టారు. ఉషారాణి కూడా అలవాటుగా రెండు చేతులూ దగ్గరికి తెచ్చింది. రవిచంద్ర లేచాడు. నమస్కారం పెట్టి కూర్చుంటాడనుకున్న మనిషి నేరుగా మైకు దగ్గరికి నడిచాడు. అంతమంది ముందు అతను ఎప్పుడూ మాట్లాడలేదు.

"ఉద్యోగం నాది కాదండి," అన్నాడు. "మా ఆవిడది. ఆవిడికి ఇక్కడ హాస్పిటల్లో పెద్ద పనొచ్చింది. నాను ఆవిడెనకాల వచ్చాను. నాకింకా ఏటీ దొరకలేదు. ఇంట్లో వంట నాదే."

రెండు వందల మందీ ఒక్కసారిగా నవ్వారు. కామేశ్వరరావు కళ్ళు తుడుచుకున్నాడు. "ఆహా! ఏం చమత్కారమండీ!"

"చమత్కారం కాదండి. నిజం."

ఈసారి మొదటిదానికన్న పెద్ద నవ్వు లేచింది. వెనక వరుసలో ఎవరో మరోసారి చెప్పమని అరిచారు.

రవిచంద్ర వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి. ఉషారాణి నవ్వలేదు. తన గ్లాసులోని మజ్జిగ అతని చేతికిచ్చింది. అతను తాగేదాకా అతని వైపే చూస్తూ కూర్చుంది.

భోజనాలయ్యాక కొత్త కార్యవర్గాన్ని ఎన్నుకున్నారు. అంతటి హాస్యప్రియుణ్ణి వదులుకోకూడదని రవిచంద్రను సాంస్కృతిక కార్యదర్శిగా ఏకగ్రీవం చేశారు. మహిళలకు కూడా వారి ప్రతిభకు తగిన చోటు ఉండాలన్న సదుద్దేశంతో, ఉషారాణిని పులిహోర కమిటీలో వేశారు.